చూచినదెల్ల సత్యమగునా?

"కన్నులార చూచితిని" అనిన మాటకు మన పెద్దల కాలమున ఎదురు లేకుండెను. రచ్చబండ కడ సాక్షి నిలిచి ఆ మాట పలికినచో వాదము ముగిసెడిది. విన్నది కల్ల కావచ్చును గాని కన్నది కల్ల కానేరదని లోకుల నమ్మకము. తర్కశాస్త్రజ్ఞులును ప్రమాణములలో ప్రత్యక్షమునకే ప్రథమస్థానమొసగిరి. త్రాటిని చూచి పామని భ్రమించుట కలదని వారెరుగకపోలేదు. అయినను ఆ దోషము మసక వెలుతురుదో, కంటిదో అని సమాధానము చెప్పిరి. త్రాటికి ఎవడో బుద్ధిపూర్వకముగా పాము రూపు కల్పించి, బుస కూడ నేర్పి, మన యింటి నడుమ విడిచిపెట్టునని వారు తలపోసి యుండరు. నేడు కృత్రిమ మేధ అను యంత్రవిద్యచేత పుట్టుచున్న దొంగ చిత్రములును, దొంగ వీడియోలును అట్టి పాములే.

ఒక గ్రామమును ఊహింతము. లింగపూజ చేయనిదే మంచినీరైనను ముట్టని వృద్ధుడొకడు ఆ గ్రామమున కలడు. అతని మాట ఊరివారికి వేదవాక్యము. ఒకనాటి రాత్రి అతని సెల్‌ఫోనునకు ఒక వీడియో వచ్చినది. అందు పొరుగూరి నాయకుడొకడు సభలో నిలిచి బసవేశ్వరుని హేళన చేయుచున్నాడు. ఇష్టలింగ ధారణమును పరిహసించుచున్నాడు. ముఖము ఆ నాయకునిదే, కంఠము ఆ నాయకునిదే. వృద్ధుని రక్తము మరగినది. శివనింద విని మిన్నకుండుట గణాచారమునకు విరుద్ధమని తలంచి, ఆ వీడియోను తాను సభ్యుడుగా నున్న నాలుగు వాట్సాప్ బృందములకు పంపెను. తెల్లవారుసరికి యువకులు గుంపులుగా పోయి ఆ నాయకుని తమ్ముని దుకాణముపై రాళ్లు రువ్విరి. మూడవనాడు తేలినది: ఆ సభయే జరుగలేదు, ఆ మాటలు ఆ నోట ఎన్నడును వెలువడలేదు.

ఇప్పుడు ప్రశ్న. ఆ వృద్ధుడు అసత్యమాడెనా? అతడు కల్పించినది ఏమియు లేదు. చూచినది నమ్మెను, నమ్మినది పంపెను. అతని ఉద్దేశము భక్తియే గాని ద్వేషము కాదు. అసత్యమాడరాదనునది బసవేశ్వరుని ఉపదేశములలో ముఖ్యమైనది. ఆ ఉపదేశమును ఈ వృద్ధుడు మీరినాడా, మీరలేదా?

దీనికి సమాధానము వెదకుటకు ముందు అట్టి వీడియో ఎట్లు పుట్టునో తెలిసికొనుట యుక్తము. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును కంప్యూటరునకు బొమ్మలు కల్పించుట నేర్పెడి ఒక పద్ధతిని ప్రకటించిరి. అందు రెండు భాగములు ఒకదానితో నొకటి పోటీపడును. మొదటిది బొమ్మను కల్పించును. రెండవది అది నిజమో కల్పనమో పరీక్షించును. పట్టుబడిన ప్రతిసారియు మొదటిది తన తప్పును దిద్దుకొనును. ఇట్లు వేలమారులు జరిగిన పిమ్మట పరీక్షకుడే మోసపోవునంతటి బొమ్మ సిద్ధమగును. 2017లో ఇట్టి దొంగ వీడియోలకు ‘డీప్‌ఫేక్’ అను పేరు వచ్చినది. అటుపిమ్మట ఇంకను సమర్థములైన పద్ధతులు వెలసినవి. నేడు కొలది సెకనుల కంఠస్వరము దొరికినచో చాలును. ఆ కంఠముతో ఏ మాటనైనను పలికింపవచ్చును. మఠములలో జరుగు ప్రవచనములు గంటలకొలది ఇంటర్నెట్‌లో నున్న ఈ కాలమున, ఏ స్వామివారి కంఠమైనను దొంగకు అందుబాటులోనే యున్నదని గ్రహింపవలయును.

ఇది దూరదేశపు కథ కాదు. 2023 నవంబరులో, తెలుగు చలనచిత్రములలో ప్రసిద్ధురాలైన రష్మిక మందన్న ముఖమును మరియొక యువతి వీడియోకు అతికించి దేశమంతట వ్యాపింపజేసిరి. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ వ్యవహారమున అరెస్టు చేసిన యువకుడు మన గుంటూరు జిల్లావాడు. ఆమె అభిమానుల పేరిట తాను నడుపు పుటకు అనుచరులను పెంచుకొనుటకే ఈ పని చేసెనని పోలీసులు వెల్లడించిరి. ఒక స్త్రీ మర్యాద మంటగలియుటకు కారణము పగ కాదు, కీర్తి కూడ కాదు. లెక్కలో పెరుగు ఒక సంఖ్య మాత్రమే. ఆ యేడే హాంగ్‌కాంగ్ పోలీసులు మరియొక సంగతి బయటపెట్టిరి. ఒక సంస్థలోని ఉద్యోగి వీడియో సమావేశమున తన పై అధికారిని, సహోద్యోగులను చూచి, వారి ఆజ్ఞ మేరకు సుమారు 20 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు చెల్లించెను. ఆ సమావేశమున అతడు తప్ప తక్కినవారందరును కల్పిత రూపములే.

అయినను, బొమ్మ అబద్ధమాడుట నేడు పుట్టిన వింత కాదు. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ అను గ్రామమున ఇద్దరు బాలికలు కాగితముపై దేవకన్యల బొమ్మలు గీసి, కత్తిరించి, గడ్డిలో నిలిపి ఫొటోలు తీసిరి. షెర్లాక్ హోమ్స్ అను అపరాధ పరిశోధకుని పాత్రను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ ఆ ఫొటోలను నమ్మి, 1920లో వాటిని సమర్థించుచు వ్యాసము వ్రాసెను. 1983లో, ముదిమి పైబడిన పిమ్మటగాని, అవి కాగితపు బొమ్మలేయని ఆ బాలికలు ఒప్పుకొనలేదు. ఎంతటి గూఢమునైనను ఛేదించు పాత్రను కల్పించిన మేధావి పసిపిల్లల కాగితములకు లొంగుటకు హేతువేమి? పరలోకజీవుల ఉనికిని అతడు మునుపే నమ్మియుండెను; అది నిజము కావలెనని కోరుచుండెను. మోసము అతని కంటి ద్వారమున గాక కోరిక ద్వారమున ప్రవేశించినది. మన వృద్ధుని విషయమున అది కోపమను ద్వారమున ప్రవేశించినది.

కావున దొంగ బొమ్మను గుర్తించు విద్యలో మొదటి పాఠము బొమ్మను గూర్చినది కాదు, చూచువానిని గూర్చినది. ఏ వీడియో చూచిన తోడనే మనస్సు ఉవ్వెత్తున లేచునో, "వెంటనే పదిమందికి పంపుము" అని లోన ఒక గొంతు తొందర చేయునో, అచ్చటనే ఆగవలయును. కోపము, భయము, లోభము, ఆశ్చర్యము అను నాలుగింటిలో ఒకదానిని రెచ్చగొట్టనిదే దొంగ వీడియో నడువజాలదు.

ఇక బొమ్మను పరిశీలించు లక్షణములు కలవు. కల్పిత చిత్రములందు చేతివ్రేళ్లు ఎక్కువ తక్కువలగుట, దుకాణపు బోర్డుపై అక్షరములు ఏ భాషకును చెందని గీతలగుట, రెండు చెవుల ఆభరణములు పొంతన లేకుండుట, నీడలు ఒకదానికొకటి విరుద్ధ దిక్కులకు పడుట కానవచ్చును. రుద్రాక్షమాల ఒకచోట పూసలుగా నుండి, మరియొకచోట చర్మములో కలిసిపోయినట్లుండును. వీడియోలయందు పెదవుల కదలికకును మాటకును పొసగకపోవుట, తల ప్రక్కకు త్రిప్పినపుడు ముఖపు అంచు చెదరుట, ఊపిరి తీయు విరామము లేక మాట ఏకధారగా సాగుట సంభవించును. పైన పేర్కొనిన నటి వీడియోలోనే తొలి క్షణమున అసలు యువతి ముఖము కనబడి, పిదప మారినది. ఓపికతో చూచినవారు దానిని పట్టుకొనిరి.

కాని ఈ లక్షణములనే నమ్ముకొనుట ప్రమాదము. 2018లో అమెరికాలోని ఆల్బనీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కల్పిత ముఖములు సరిగా కనురెప్పలు వేయవని కనుగొనిరి. దొంగను పట్టు ఉపాయము దొరికినదని పలువురు సంతసించిరి. కొలదికాలములోనే కల్పిత ముఖములు కనురెప్పలు వేయుట నేర్చినవి. వ్రేళ్ల సంగతియు అంతే. మొన్నటి యంత్రము ఆరు వ్రేళ్లు గీసినది, నేటి యంత్రము ఐదే గీయుచున్నది. కంటికి కనబడు తప్పు ఉన్నచో అది దొంగయని చెప్పవచ్చును. తప్పు లేనంతమాత్రమున అది నిజమని చెప్పరాదు. మరి కన్ను ఓడిపోయిన చోట దేనిని ఆశ్రయింపవలయును?

ఈ ప్రశ్నకు సమాధానము వీరశైవ సంప్రదాయమునందే కలదు. వచనమునకు అంకితమను ముద్ర ఉండునని భక్తులెరిగినదే. కూడలసంగమదేవుని పేరు కనబడినచో అది బసవేశ్వరునిది. గుహేశ్వరుని పేరున్నచో అల్లమప్రభువుది. చెన్నమల్లికార్జునుని పేరున్నచో అక్కమహాదేవిది. అంకితము కర్తకు సాక్షి. అయినను తరువాతి కాలమున ఎవడైనను తన మాటను వ్రాసి దాని చివర కూడలసంగమదేవుని పేరు చేర్చిన, అది బసవేశ్వరుని వచనమగునా? కాజాలదు. అందుచేతనే ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి మున్నగు పండితులు గ్రామగ్రామమున తాళపత్ర ప్రతులను వెదకి సేకరించిరి. హళకట్టి 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించుటకు వెనుక అట్టి ఏండ్ల శ్రమ కలదు. ఒక వచనము ఎన్ని ప్రతులలో నున్నది, ఏ ప్రతి ప్రాచీనమైనది, ఎవరి యింట దొరికినది, అందలి భావము ఆ శరణుని జీవితముతో పొసగునా అని విచారించుటయే పండితుల మార్గము. ముద్రను చూచి మురియక మూలమును వెదకుట వారి పద్ధతి.

వీడియో విషయమునను చేయవలసినది ఇదియే. ఇది మొదట ఎక్కడ వెలువడినది? ఏ తేదీన? ఏ సభలో? ఆ సభకు వెళ్లినవారు ఎవరైనను కలరా? పూర్తి ప్రసంగము లభించునా, లేక ఇరువది సెకనుల తునక మాత్రమేనా? ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు మూడు పత్రికలు ఆ వార్తను ప్రకటించినవా? అంతటి మాట నిజముగా అన్నచో అది ఒక్క వాట్సాప్‌లోనే దాగియుండునా? చిత్రమును ఇంటర్నెట్‌లో వెనుకకు వెదకు సాధనములు కలవు. గూగుల్ లెన్స్ వంటిదానిలో ఆ చిత్రము నుంచినచో అది పూర్వము ఎక్కడ ఏ సందర్భమున వెలువడినదో తరచుగా తెలియును. పిల్లలకు ఈ పని నిమిషములో వచ్చును. పెద్దలు వారి నడుగుటకు సిగ్గుపడనవసరము లేదు. స్వామివారి ముఖముతో దాసోహమునకు విరాళము పంపుమని వీడియో వచ్చినచో, అందున్న సంఖ్యకు గాక, మునుపే మన పుస్తకములో వ్రాసికొనియున్న మఠపు సంఖ్యకు ఫోను చేసి అడుగవలయును.

"గురువుల మాటనే శంకించుటయా?" అని కొందరనవచ్చును. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను ఎట్లు ప్రశ్నించెనో శూన్యసంపాదనము తెలుపుచున్నది. సర్వము త్యజించి వచ్చిన మహాశరణిని కూడ ప్రశ్నింపక అంగీకరింపలేదు. ఆ ప్రశ్నలవలన ఆమె గౌరవము తరుగక, అందరికిని ప్రకాశమయ్యెను. విచారణ భక్తికి విరోధి కాదు. గురువు పేరిట వచ్చిన దొంగమాటను గుడ్డిగా నమ్ముటయే గురువునకు అపచారము.

ఇచ్చట మరియొక సూక్ష్మము కలదు. బొమ్మ నిజమైనదై, దానికి చేర్చిన మాట అబద్ధము కావచ్చును. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు దేశమంతట వ్యాపించినది. అప్పుడు ప్రచారమైన వీడియోలలో ఒకటి పాకిస్తానులోని కరాచీలో పిల్లల రక్షణను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకు తీసిన చిన్న చిత్రము. పిల్లవానిని తిరిగి అప్పగించు చివరి భాగమును కత్తిరించి, ఎత్తుకొనిపోవు భాగమును మాత్రము వ్యాపింపజేసిరి. ఇట్టి పుకార్ల నడుమ, ఆ యేడు జూలైలో బీదరు జిల్లా ముర్కి గ్రామమున, మిత్రులతో కారులో పోవుచున్న హైదరాబాదు యువకుడొకడు పిల్లల దొంగయను అనుమానముతో గుంపు చేత కొట్టబడి మరణించెను. వారు చేసిన నేరము పిల్లలకు మిఠాయిలు పంచుట. బసవకల్యాణము ఆ జిల్లాలోనే కలదు. ఏ నేల నుండి దయయే ధర్మమునకు మూలమను బోధ వెలువడినదో, ఆ నేలపై సెల్‌ఫోనులో వచ్చిన మాట నిండుప్రాణమును బలిగొన్నది. ఆ నాటికి కృత్రిమ మేధ పల్లెలకు రానేలేదు. చంపినది యంత్రము కాదు. విచారింపక కదిలిన వ్రేలు.

ఇప్పుడు వృద్ధుని ప్రశ్నకు తిరిగి వత్తము. అతడు ఆ వీడియోను చూచి నమ్ముట దోషము కాదు. శాస్త్రజ్ఞులు, అధికారులు మోసపోయిన చోట పల్లెటూరి వృద్ధుడు మోసపోవుట వింత కాదు. కాని పంపుట వేరు. అపరిచితుడు పంపిన వీడియోను ఊరివారు నమ్మియుండెడివారు కారు. ఈయన పంపెను గాన నమ్మిరి. అరువది ఏండ్ల నిష్ఠ, లింగపూజ, మాటనిలుకడ — ఇవన్నియు ఆ వీడియోకు ముద్రలైనవి. అనగా ఎవడో పాపాత్ముడు కల్పించిన అబద్ధమునకు ఈ పుణ్యాత్ముని పేరు అంకితమైనది. పంపుట సాక్ష్యము చెప్పుట. తెలియని దానికి సాక్ష్యము చెప్పుట, ఉద్దేశమెంత మంచిదైనను, అసత్యములో భాగమే. తెలిసికొనుటకు దారి లేనివాడు క్షమింపదగినవాడు; దారి యుండియు ఒక పూట ఆగనివాడు తన అజ్ఞానమునకు తానే బాధ్యుడు.

ఇది ఒక్క వృద్ధునికే చెందిన దోషము కాదు. 2018లో సైన్స్ అను పత్రికలో అమెరికా పరిశోధకులు ముగ్గురు ఒక పరిశోధన ప్రకటించిరి. ట్విట్టరులో 2006 నుండి 2017 వరకు ప్రచారమైన సుమారు 1,26,000 వార్తలను వారు పరిశీలించిరి. అబద్ధపు వార్త నిజమైన వార్తకంటె వేగముగను, దూరముగను వ్యాపించుచున్నదని తేలినది. దానికి కారణము యంత్రములు కాక మనుష్యులేయనియు తేలినది. అబద్ధమునకు కాళ్లు మనమే.

గణాచారమునకు అర్థమేమన్న ప్రశ్నయు ఇందు ఇమిడియున్నది. శివనిందను సహింపరాదనుట పంచాచారములలో నొకటి, నిజమే. కాని జరుగని నిందను జరిగినదని చాటుట శివునకు సేవయా? ఆ వృద్ధుడు పంపక యున్నచో ఆ హేళన మాటలు ఊరిలో ఒక్క చెవిని కూడ సోకియుండవు. నిందను ఇంటింటికి చేర్చినవాడు అతడే. పంచాచారములలో సదాచారమును కాలరాచి గణాచారమును నిలుపుట సాధ్యము కాదు.

స్తుతి విషయమునను ఇదే నియమము. ఎన్నడును లేని గుహలో ఎన్నడును లేని మహాలింగము, మేఘములలో నందీశ్వరుడు, సముద్రగర్భమున శివాలయము — ఇట్టి కల్పిత చిత్రములు శివరాత్రి సమయమున భక్తితో పంపబడుచున్నవి. చిత్రకారుని ఊహగా చూచినచో తప్పు లేదు. సత్యముగా చాటినచో అది అసత్యమే. అరచేతిలో ఇష్టలింగమున్నవానికి దొంగ మహిమల అవసరమేమి? నిందలో అబద్ధమును పట్టి, స్తుతిలో అబద్ధమును విడిచిపెట్టువాడు సత్యమును ప్రేమించువాడు కాదు. తన పక్షమును మాత్రమే ప్రేమించువాడు.

దీనికి విరుద్ధమైన గోతియు కలదు. అన్నియు దొంగవే యని తలచి దేనిని నమ్మకుండుట. నిజముగా తప్పు చేసి పట్టుబడినవాడు "అది యంత్రము కల్పించిన వీడియో" అని తప్పించుకొనుటకు ఈ అపనమ్మకమే ఆశ్రయము. పరీక్షింపక నమ్ముట ఎంత దోషమో, పరీక్షింపక త్రోసివేయుటయు అంతే దోషము. సంశయము విచారణకు వాకిలి కావలయును గాని శాశ్వత నివాసము కారాదు.

గృహస్థులు ఆచరింపదగిన నియమములు కష్టమైనవి కావు. మనస్సును రగిలించు వీడియోను ఆ రాత్రి పంపరాదు. మరునాటి లింగపూజ ముగిసిన పిమ్మట మరల చూడవలయును. మూలము తెలియనిచో తనతోనే ఆపవలయును. కుటుంబీకుల కంఠముతో ఆపదయని ధనమడిగినచో ఫోను పెట్టివేసి, తెలిసిన సంఖ్యకు తిరిగి చేయవలయును. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాటను గుర్తుగా ఏర్పరచుకొనుటయు మేలు. ధనము పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయవలయును. కంప్యూటరు ద్వారా మరియొకనిగా నటించి మోసగించువానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66డి విభాగము క్రింద మూడేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా కలదు. మఠములు తమ అధికారిక ప్రకటనలు ఏ ఒక్క చోట వెలువడునో భక్తులకు ముందుగానే తెలిపియుంచుట మంచిది.

అన్నింటికంటె కష్టమైన నియమము చివరిది. అబద్ధమును పంపితినని తెలిసినచో దానిని మెల్లగా చెరిపివేసి మిన్నకుండుట చాలదు. ఎన్ని బృందములకు పంపెనో అన్ని బృందములకును "నేను పంపినది తప్పు, విచారింపక పంపితిని" అని తన పేరుతో వ్రాయవలయును. పెద్దమనిషికి ఇది తలవంపుగా తోచును. కాని మాటకును నడతకును భేదము లేకుండుటయే శరణుల మార్గమైనపుడు, తప్పుడు మాటను వెనుకకు తీసికొనుటకంటె గొప్ప నడత వేరేది?

మనమూహించిన గ్రామమున ఆ వృద్ధుడు నాలుగవనాటి ఉదయమున ఆ నాలుగు బృందములకును అట్లే వ్రాసి, కర్ర పట్టుకొని, రాళ్లు పడిన దుకాణము కడకు తానే నడచిపోయెననుకొందము. ఆ నడకలో గణాచారము కలదు. పగిలిన అద్దములు అంతటితో అతుకవు. కాని ఆ నాటినుండి అతడు పంపినదానిని ఊరివారు మునుపటికంటె ఎక్కువ నమ్మకముతో చూతురు. ఏలయన, అతని అంకితము దేనికి పడునో, దేనికి పడదో వారికి తెలిసియుండును.